నినాదం పాఠం కాదు: కొండనిప్పు, మన బడులు



"అడవికి నిప్పు పెట్టరాదు" అన్న వాక్యాన్ని మన బడిపిల్లలు ఎన్ని గోడలమీద చదివారో, ఎన్ని అట్టలమీద రంగు పెన్సిళ్ళతో దిద్దారో లెక్కలేదు. ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు, భావదోషమూ లేదు. అయినా అది పాఠం కాజాలదు. అది ఆజ్ఞ. ఆజ్ఞకు విధేయుడు చాలును. పాఠానికి విద్యార్థి కావాలి. ఈ రెంటికీ గల భేదాన్ని మన బడులు మరచిపోయినవనీ, నిప్పు విషయంలో ఆ మరపు ప్రాణాలమీదికి వస్తుందనీ నా అభియోగం. ఈ టపా ఆ అభియోగానికి వివరణ. కొంచెం దీర్ఘమైనది, ఓపికతో చదవగోరుతాను.

పెనుకొండ మండలంలోని మా ఎర్రమంచి పేరు 2017కు పూర్వం చుట్టుపట్ల ఊళ్ళవారికి తప్ప ఇతరులకు తెలియదు. ఆ ఏడు కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరినది. 2019 నుండి ఇక్కడ తయారైన కార్లు దేశమంతటా తిరుగుతున్నవి. నేడు ఎర్రమంచి అంటే కారే గుర్తుకు వస్తుంది. కాని కర్మాగారపు గోడ దాటి తలయెత్తి చూస్తే కనబడేవి పాత కొండలే. పెద్ద పెద్ద గుండ్రాళ్ళు, వాటి సందుల్లో తంగేడు, బందారు, రేగు, సీతాఫలం, వీటన్నిటి నడుమ మోకాలెత్తు గడ్డి. 1565 తరువాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న పెనుకొండ దుర్గమూ ఈ కొండలవరుసలోనిదే. సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో ఆ గడ్డి కార్తీకానికి పండి, శివరాత్రికి ఎండి, ఉగాదికి కాలుతుంది. రాత్రివేళ కొండ నడుముకు ఎర్రని మొలనూలు చుట్టినట్లు మంట పాకుతూ ఉంటే ఊళ్ళో చూడనివారు లేరు. చూసి, "ఎవడో నిప్పు పెట్టినాడు" అని పడుకోనివారూ లేరు.

ఆ మంటను గురించి మా పిల్లలకు బడిలో ఏమి చెబుతున్నాము? ఒకచోట (పేరెందుకు లెండి) నినాదాల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. నలభై అట్టలు వచ్చినవి. నలభైలోనూ అడవి తల్లి, ప్రాణవాయువు, పచ్చదనం. చాలా అట్టలమీద గీసిన చెట్లు మాత్రం కోసుగా, శంఖువు ఆకారంలో ఉన్నవి. హిమాలయాలలోని దేవదారు వంటివి. మా కొండలమీద అటువంటి చెట్టు ఒక్కటీ లేదు. ఏడవ తరగతి పిల్లవాడొకడు లేచి, "అయ్యా, మన కొండకు ఎవరు నిప్పు పెడతారు? ఎందుకు పెడతారు?" అని అడిగితే వేదికమీదివారు, "అదంతా తరువాత, ముందు బహుమతులు" అన్నారు. ఆ 'తరువాత' ఈనాటికీ రాలేదు. ఆ మధ్యాహ్నం అక్కడ వినబడినవాటిలో చదువు అనదగినది ఆ ప్రశ్న ఒక్కటే.

మన పంచాంగమూ ఇందుకు తగినట్లే ఉన్నది. అగ్నిమాపక వారోత్సవం ఏటా ఏప్రిల్ 14న మొదలై 20న ముగుస్తుంది. 1944లో ఆ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి, మంటలార్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసినారు. వారి స్మృతికి ఆ వారం. ఆ స్మృతికి చేయెత్తి నమస్కరిస్తాను. కాని ఆ తేదీ అంబేడ్కర్ జయంతి, బడికి సెలవు. మిగిలిన రోజులు పరీక్షల హడావిడి, ఆపైన వేసవి సెలవులు. కొండలు కాలడం మొదలయ్యేది ఫిబ్రవరిలో. అంటే మన పిల్లలకు నిప్పును గురించి నాలుగు మాటలు వినబడే వేళకు కాలవలసిన గడ్డి సగం కాలిపోయి ఉంటుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

"పూర్వం ఎవరు చెప్పారండీ ఈ పాఠాలు? మనమంతా బ్రతకలేదా?" అని అడిగేవారున్నారు. చెప్పారు. బడిలో కాదు, పొయ్యి దగ్గర. ప్రతి ఇంటా పిల్లలు తల్లి ప్రక్కన కూర్చుని మంట ఎగదోయడమూ, కొరివి వెనక్కు లాగడమూ, కుమ్ములో గెణుసుగడ్డ కాల్చడమూ, పడుకునే ముందు నివురు కప్పడమూ నేర్చుకున్నారు. గాలి ఎటు వీస్తే పొగ ఎటు మళ్ళుతుందో, పచ్చికట్టె ఎందుకు మండదో, ఎండు కంది కట్టె ఎందుకు భగ్గుమంటుందో ఎవరూ బోధించకుండానే వారికి తెలిసినది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి తల్లుల కళ్ళకు పొగ తప్పించినవి. అది మహోపకారం, అందులో సందేహం లేదు. కాని పొయ్యితోబాటు పొయ్యి నేర్పిన పాఠమూ ఇల్లు విడిచి వెళ్ళినది. నేటి పిల్లవానికి మంట అంటే మీట తిప్పితే వెలిగి, తిప్పితే ఆరిపోయే నీలపు వలయం. అటువంటి పిల్లవాడు రేపు సీతాఫలాలకో, సెల్‌ఫోనులో ఫోటోలకో కొండెక్కుతాడు. ఇల్లు నేర్పడం మానినదానిని బడి నేర్పాలి. బడి కూడ మానితే ఆ పాఠం మంటే చెబుతుంది. మంట చెప్పే పాఠానికి రెండవ తరగతి ఉండదు.

ఇక, చెప్పవలసిన పాఠమేమిటో చూద్దాము. 'కార్చిచ్చు' అన్న మాటతోనే మొదలుపెట్టవచ్చును. కాఱు అంటే అడవి. కాఱెనుము అంటే అడవి ఎనుము. కాఱు చిచ్చు కార్చిచ్చు. మాటలోనే అడవి ఉన్నది. కాని అన్ని అడవుల చిచ్చు ఒక్కటి కాదు. చెట్టు తలనుండి చెట్టు తలకు దూకే చిచ్చు చలిదేశాల సూదియాకు అడవులది. మన మెట్ట అడవులలో కాలేది ప్రధానంగా నేలమీది గడ్డి, రాలిన ఆకు. మంట మొగంత ఎత్తు కూడ లేకుండా చరచర పాకిపోతుంది. ముదురు చెట్టు దళసరి బెరడు చాటున బ్రతికిపోతుంది. మోడు వేరునుండి మళ్ళీ చిగురిస్తుంది. నిరుడు మొలిచిన మొక్క మాత్రం చచ్చిపోతుంది. చూసేవారికి వానలు పడగానే కొండ మళ్ళీ పచ్చబడినట్లే ఉంటుంది. మోసం అక్కడే ఉన్నది. పచ్చబడినది గడ్డి. గడ్డికి ఒక్క వాన చాలు. మొక్క మానుగా ఎదగడానికి మంట తగలని ఏళ్ళు వరుసగా కావాలి. ఏటేటా కాలే కొండమీద ముసలి చెట్లు పోతూ ఉంటాయి, పిల్లచెట్లు రావు. చెట్టు నీడ తగ్గినచోట గడ్డి పెరుగుతుంది. గడ్డి పెరిగినచోట మరుసటి ఏడు మంట పెరుగుతుంది. ఈ చక్రాన్ని నల్లబల్లమీద గీసి చూపడానికి పది నిమిషాలు పట్టదు.

ఆ చక్రం ఊరిదాకా వస్తుంది. కొండమీద కప్పు కాలిపోయాక తొలకరి జల్లు పడితే బూడిదా పైమన్నూ కలిసి వంకలోకి, వంకనుండి చెరువులోకి దిగుతాయి. రాయలసీమ బ్రతుకంతా చెరువులమీద నిలిచినది. బుక్కపట్నం, ధర్మవరం చెరువులను తవ్వించిన పూర్వుల దూరదృష్టిని గురించి మనం వ్యాసాలు రాయిస్తాము. చెరువు పూడికకూ కొండమీది నిప్పుకూ గల చుట్టరికాన్ని మాత్రం చెప్పము. "అడవి మన తల్లి" అని వందసార్లు రాసినవానికంటె, "కొండ కాలితే నా చెరువు పూడుతుంది" అని ఒక్కసారి తెలుసుకున్నవాడు ఎక్కువ జాగ్రత్తపడతాడని నా నమ్మకం.

ఈ మాట అనగానే చదువుకున్న మిత్రులు కొందరు నవ్వుతారు. "అగ్ని ప్రకృతిసిద్ధం. అమెరికాలో మంటలన్నీ ఆర్పేసి అడవులు చెడగొట్టుకున్నారు. నిప్పు అడవికి మేలు" అంటారు. వారి మాటలో సగం నిజమున్నది గనుక సమాధానం చెప్పవలసి ఉన్నది. అమెరికాలో 1944 నుండి ఎలుగుబంటి బొమ్మ పెట్టి, మంట అంటేనే పాపమని పిల్లలకు నూరిపోసినారు. కనబడిన ప్రతి మంటనూ ఆర్పుతూపోతే ఎండుకట్టె దశాబ్దాలపాటు అడవుల్లో పేరుకున్నది, ఆపైన వచ్చిన మంటలు పట్టశక్యం కానివైనవి. అందువలన అక్కడి శాస్త్రజ్ఞులు అదను చూసి, కొలత చూసి, తామే కొంత కాల్చడం మంచిదన్నారు. ఇది వాస్తవం. కాని ఆ వాక్యాన్ని యథాతథంగా తెచ్చి పెనుకొండమీద పెడితే ఏమవుతుంది? అక్కడి చిక్కు కొన్ని అడవులు ఎన్నో ఏళ్ళుగా కాలకపోవడం. ఇక్కడి చిక్కు ఏటేటా కాలడం. అక్కడ పిడుగు నిప్పు పెడుతుంది. ఇక్కడ పిడుగుతోబాటు సాధారణంగా వానా వస్తుంది. మన దేశపు అడవిమంటలు దాదాపు అన్నీ మనుషుల చేతినుండి వచ్చినవే. ఒకరి జ్వరానికి వ్రాసిన మందుచీటీ మరొకరి కడుపునొప్పికి పనికిరాదు. "నిప్పు చెడు" అన్నది ఒక నినాదమైతే "నిప్పు మేలు" అన్నది మరొక నినాదం. రెండూ పిల్లవానిని ఆలోచించనివ్వవు. ఏ అడవి, ఏ నెల, ఎన్నేళ్ళకొకమారు, ఎవరి చేత, ఎంత మేర? ఈ ప్రశ్నలు అడగడం నేర్పడమే చదువు.

మరికొందరికి సమాధానం ముందే తెలిసి ఉంటుంది: "గొర్రెలకాపరులే." ఎంత సులువైన తీర్పు! ముదిరి ఎండిన గడ్డిని గొర్రె మేయదు. కాలిస్తే దుబ్బునుండి లేత చిగురు వస్తుందని కొందరు కాపరులు నిప్పు పెట్టే మాట నిజమే. వారికది తాతలనాటి లెక్క. కరువుసీమలో గొర్రె బ్యాంకు ఖాతా వంటిది. కాని కారణాల జాబితా అక్కడితో ఆగదు. చేనిగట్లు తగులబెట్టి గాలిని చూసుకోని రైతు ఉన్నాడు. తేనెకోసం కాగడా పట్టినవాడు, బీడీముక్క విసిరినవాడు ఉన్నారు. కొండమీద పొయ్యిపెట్టి వంట చేసుకుని, ఆర్పకుండా దిగివచ్చిన యాత్రికుడు ఉన్నాడు. నలభై నాలుగవ నంబరు జాతీయ రహదారిమీద కారు అద్దం దించి సిగరెట్టు పారవేసే పెద్దమనిషీ ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషులో పర్యావరణంమీద వ్యాసం రాయడం కూడ వచ్చి ఉంటుంది. బడిలో సగంమంది కాపరుల, కూలీల బిడ్డలు కూర్చుని ఉండగా "అడవిని తగులబెట్టే దుర్మార్గులు" అని పాఠం చెబితే ఆ బిడ్డ తలవంచుకుంటాడు. ఇంటికి వెళ్ళి నోరెత్తడు. అదే, "మీ నాయన ఎందుకు కాలుస్తాడో అడిగి రా, కాలిస్తే మొదటి ఏడు గడ్డి ఎట్లున్నది, పదేళ్ళకు ఎట్లున్నది, తాతను కూడ అడుగు" అని పంపితే, మరునాడు బడికి వచ్చేది ఒక పరిశోధకుడు. ఆ సమాధానాలలో మన పుస్తకాలలో లేని జ్ఞానమూ ఉంటుంది, సరిదిద్దవలసిన పొరపాటూ ఉంటుంది. రెండూ పాఠానికి పనికివస్తాయి.

పై నుండి చూచే కన్ను మనకు లేదా అంటే ఉన్నది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహాల సాయంతో అడవిమంటల జాడ తీసి హెచ్చరికలు పంపుతున్నది. నేడు వాడే ఒక పరికరం 375 మీటర్ల చదరాన్ని ఒక చుక్కగా చూడగలదు. దేశపు అడవుల విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటలపాలయ్యే ప్రమాదంలో ఉన్నదని ఆ సంస్థ 2019 నివేదికలో చెప్పినది. 2014 మార్చిలో శేషాచలం తగులబడినప్పుడు తిరుమల కొండలమీద నీళ్ళు చల్లడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చినది. ఇంత చేయగల దేశం, కొండక్రింది బడిలో ఏడాదికి నాలుగు గంటలు ఈ విషయం చెప్పించలేకపోవడాన్ని ఏమనాలి? ఆకాశంలోని ఉపగ్రహానికి కనబడే మంట, కిటికీలోనుండి చూస్తున్న పిల్లవానికి అర్థం కాకుండా మిగిలిపోతున్నది.

తెలియకపోతే ఏమవుతుందో రెండు తేదీలు చాలును. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలలో, విహారానికి నడిచి వెళ్ళిన యువతీయువకులు గడ్డివాలులలో మంటకు చిక్కుకుని ఇరవైమందికి పైగా మరణించారు. చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసుకుంటున్నవారు అందులో ఉన్నారు. రెండవది 2004 జూలై 16. కుంభకోణంలో వంటయింటినుండి లేచిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని ఒక బడిలో 94 మంది పసిపిల్లలను పొట్టన పెట్టుకున్నది. ఆ దారుణం తరువాత నడిచిన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, విద్యాహక్కులో భద్రమైన బడికి హక్కు ఇమిడి ఉన్నదనీ, బడులలో మంటలార్పే సాధనాలు ఉండాలనీ, సిబ్బందికి వాటిమీద శిక్షణ ఉండాలనీ ఆదేశించినది. తీర్పు వచ్చి పదిహేనేళ్ళు దాటినది. మీ ఊరి బడిలో గోడకు వేలాడే ఎర్రసీసామీద గడువుతేదీ ఎప్పటిదో ఒకసారి చూచి రండి. అది ఎట్లా వాడాలో ఎంతమంది ఉపాధ్యాయులకు తెలుసునో కూడ కనుక్కోండి.

కర్మాగారాల చట్టం 1948 నాటిది. అందులో 38వ విభాగం, నిప్పు పుడితే కార్మికులు బయటపడే దారీ, దానిని గూర్చిన పరిచయమూ ఉండి తీరాలన్నది. అంటే ఎర్రమంచిలో ఒక పిల్లవాడు పెద్దవాడై కర్మాగారంలో చేరిన రోజున నిప్పును గురించి తెలుసుకునే హక్కు అతనికి చట్టరీత్యా వస్తుంది. అంతవరకు, పదునెనిమిదేళ్ళు, అతనికి నినాదం గతి. యంత్రం దగ్గర నిలబడేవానికున్న రక్షణ పలకబలపం పట్టుకున్నవానికి ఉండనక్కరలేదా?

ఇతరదేశాలవారు చేయలేదా అంటే చేసినారు. అయితే వారూ శ్మశానం చూశాకనే. ఆస్ట్రేలియాలో 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో చెలరేగిన మంటలకు 173 మంది బలియైనారు. దానిమీద వేసిన విచారణసంఘం 2010లో ఇచ్చిన నివేదికలో, దేశపు పాఠ్యప్రణాళికలో కార్చిచ్చుల చరిత్ర చేర్చాలనీ, భూగోళం, విజ్ఞానశాస్త్రం వంటి పాఠాలలో ఆ విషయం భాగం కావాలనీ సిఫారసు చేసినది. గమనించండి: వేరే పోటీ కాదు, వేరే వారోత్సవం కాదు, ఉన్న పాఠాలలోనే. మనకూ పర్యావరణాన్ని బడిలో చెప్పాలన్న సుప్రీంకోర్టు ఆదేశం 1991నాటిది. ముప్పైయేళ్ళు దాటినా అది మా వైపు చాలాచోట్ల మొక్క నాటి ఫోటో దిగడం దగ్గరే నిలిచినది.

"సిలబస్‌లో చోటు లేదు, చెప్పడానికి మనిషి లేడు" అనేవారికి తెలుగు పండితుడుగా నా జవాబు: ఆ పీరియడు నాకివ్వండి. భారతం ఆదిపర్వం చివర ఖాండవదహనం ఉన్నది. అందులో జరిత అనే తల్లిపక్షికి రెక్కలు రాని నాలుగు పిల్లలు. మంట వస్తున్నదని తల్లి వాటిని బొరియలో దూరమంటుంది. ఎలుక తింటుందేమోనని పిల్లలు ఒప్పుకోవు. ఏమి సంవాదమండీ అది! నేలమీది మంట వేడి మట్టిలో జానెడు లోతుకు దిగదు. కనుక తల్లి చెప్పినది శాస్త్రం. బొరియలో శత్రువు ఉండవచ్చును; కనుక పిల్లలు చెప్పినదీ శాస్త్రమే. మా కొండమీద మంట వచ్చినప్పుడు ఉడుము బొరియలోకి పోయి బ్రతుకుతుంది. నేలమీద గూడు కట్టిన కౌజు గ్రుడ్లు కాలిపోతాయి. మెల్లగా నడిచే నక్షత్రతాబేలుకు దారి ఉండదు. జీవశాస్త్రం చెప్పడానికి ఇంతకంటె రసవత్తరమైన వాచకం ఏది?

అదే భారతం చివర ఆశ్రమవాసపర్వంలో ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి దావాగ్నిలో దగ్ధమవుతారు. ఆ నిప్పు ఎక్కడిది? రాజు హోమం చేసుకున్న అగ్నులనే యాజకులు నిర్జనవనంలో విడిచిపోగా అవే పెరిగినవని నారదుడు ధర్మరాజుకు చెబుతాడు. పవిత్రమైన నిప్పే అయినా ఆర్పకుండా విడిచిపెడితే అడవిని కాల్చకమానదు. ఈ కథ చెప్పాక "కొండమీద వంట చేసుకుంటే నీళ్ళు పోసి, మట్టి కప్పి, చేయి పెట్టి చల్లబడినదని చూసి దిగిరావాలి" అన్న వాక్యం పిల్లవాని మనసులో నాటుకుంటుంది. 'నివురు గప్పిన నిప్పు' అన్న జాతీయానికి అర్థం రాయమని పరీక్షల్లో అడుగుతాము. ఆరినట్లు కనబడిన మోడులో నిప్పు రోజులతరబడి దాగి, గాలి వీచినప్పుడు మళ్ళీ లేస్తుందని చెప్పము. 'అగ్నికి ఆజ్యం పోసినట్లు' అని సొంతవాక్యం రాయిస్తాము. మూకుడులో నూనె మండితే నీళ్ళు పోయరాదనీ, పొయ్యి ఆపి మూత పెట్టాలనీ చెప్పము. భాషలో భద్రంగా దాచిన అనుభవాన్ని మార్కులకు మార్చుకుని పొట్టు పంచుతున్నాము.

"పిల్లలకు నిప్పును గురించి చెబితే నిప్పుతో ఆడతారు" అన్నది చివరి ఆక్షేపణ. ఈత నేర్పితే నీట మునుగుతారన్నట్లుంది. తెలియనివాడే ఆడతాడు. తెలిసినవాడు భయపడవలసిన చోట భయపడతాడు, నిలబడవలసిన చోట నిలబడతాడు. మంట ఎగువకు పరుగెత్తుతుందని, వాలు పది డిగ్రీలు పెరిగితే దాని వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని తెలిసినవాడు మంటకు ముందు కొండపైకి ఎక్కడు. ప్రక్కకు తొలగుతాడు, గడ్డిలేని పెద్దబండ వెతుక్కుంటాడు, లేదా ఇదివరకే కాలి చల్లారిన నల్లనేలకు చేరుతాడు. ఒకమారు కాలిన గడ్డి మళ్ళీ కాలదు గదా! 1949లో అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో మన్ గల్చ్ అనే లోయలో గడ్డిమంట తరుముకువస్తే 13 మంది మరణించారు. వారి నాయకుడు డాడ్జ్ తన ముందరి గడ్డిని తానే కాల్చి, ఆ బూడిదలో బోర్లా పడుకుని బ్రతికినాడు. పిల్లలను అట్లా చేయమని నేననను. నల్లనేల విలువ మాత్రం వారికి తెలియాలంటాను.

కనుక నేను కోరేది ఇది. గడ్డి ఎండకముందే, సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో, కొండ దాపున ఉన్న ప్రతి బడిలోనూ నాలుగు పాఠాలు జరగాలి.

మొదటిది కొండపాఠం. పిల్లలను కొండ అంచుకు తీసుకుపోయి నిరుడు కాలిన మేర, కాలని మేర ప్రక్కప్రక్కన చూపాలి. ఏ మొక్క మిగిలినది, ఏది లేదు, బెరడుమీద మసి ఎంత ఎత్తున ఉన్నదో వారే కొలిచి రాసుకోవాలి.

రెండవది ఊరిపాఠం. కాపరిని, రైతును, అటవీశాఖ కాపలామనిషిని ఒకే చెట్టుక్రింద కూర్చోబెట్టి పిల్లలచేత ప్రశ్నలు అడిగించాలి. 1992 నుండి మన రాష్ట్రంలో వనసంరక్షణ సమితులు ఉన్నవి. మంట దాటకుండా గడ్డి చెక్కి వేసే అగ్నిరేఖ ఎందుకో, ఎంత వెడల్పో చెప్పగలవారు ఊళ్ళలోనే ఉంటారు.

మూడవది ఒంటిపాఠం. బట్టలు అంటుకుంటే పరుగెత్తరాదు. నిలిచి, పడుకుని, దొర్లాలి. ప్రక్కవారు గొంగడి కప్పాలి. మన కురుబలు నేసే ఉన్నిగొంగడి నూలువలె, నైలానువలె భగ్గుమనదు. కాలిన చోట ఇరవై నిమిషాలు నీటిధార పట్టాలి. పళ్ళపొడి, సిరా, పేడ పూయరాదు. పొగ నిండిన గదిలో నిలబడి నడవరాదు, పాకాలి. గ్యాసు వాసన వస్తే మీట నొక్కరాదు, తలుపులు తెరవాలి. ఇవి చెప్పడంతో సరిపోదు, చేసి చూపించి చేయించాలి.

నాలుగవది మాటపాఠం. మంట కనబడితే ఆర్పబోవడం పిల్లల పని కాదు. పెద్దలకు చెప్పడం వారి పని. 101గాని 112గాని పిలిచి, "ఏ ఊరికి ఏ దిక్కున, ఏ కొండ, గాలి ఎటు" అన్న నాలుగు సంగతులు తడబడకుండా చెప్పగలగాలి. వేరుశనగ కట్టె వామికి నిప్పంటుకున్న రాత్రి ఊరంతా ఒకేసారి అరుస్తుంటే, ఆ నాలుగు సంగతులు చెప్పగల ఒక్క పిల్లవాడు ఆ ఇంటి ఏడాది పశుగ్రాసాన్ని నిలబెట్టగలడు.

ఈ నాలుగింటికీ కొత్త పుస్తకం అక్కరలేదు, కొత్త పదవి అక్కరలేదు, ప్రారంభోత్సవం అసలే అక్కరలేదు. నాలుగు పీరియళ్ళు కావాలి; ప్రశ్న అడిగిన పిల్లవానిని కూర్చోమనని ఉపాధ్యాయుడు కావాలి. బహుమతులకు కొనే స్టీలు గిన్నెల ఖర్చుకూడ ఇందుకు కాదు.

మీలో ఉపాధ్యాయులున్నారు, ఉపాధ్యాయుల బిడ్డలున్నారు, దూరదేశాల నుండి సొంత ఊరి బడికి బల్లలు, కంప్యూటర్లు పంపేవారున్నారు. ఈసారి పంపేముందు ఆ బడి ప్రధానోపాధ్యాయులను ఒక ప్రశ్న అడగండి: "మీ ఊరి కొండ ఎందుకు కాలుతుందో మీ పిల్లలకు తెలుసునా?" తెలుసునంటే వారికి నా పాదాభివందనం. తెలియదంటే బల్లలతోబాటు ఈ నాలుగు పాఠాలూ పంపండి. నాతో ఏకీభవించనివారు ఎక్కడ తప్పో వ్యాఖ్యలో రాయగోరుతాను. వాదానికి సిద్ధంగా ఉన్నాను. "పిల్లలకెందుకండీ ఇవన్నీ" అన్న ఒక్క మాట మాత్రం నా వద్ద చెల్లదు. కొండక్రింద కాపురముంటున్నది ఆ పిల్లలే.

భవదీయుడు,
ఎర్రమంచి, పెనుకొండ మండలం